‘గోస’ ఏడికెల్లి వచ్చింది, అది ఎట్ల తగుల్తది?

అమ్మా, మీరు అడిగినవి మూడు సంగతులు. పెండ్లయి గుంటూరు నుంచి అచ్చంపేట వచ్చిన్రు, మీ అత్తమ్మ మాటకు ముందు ‘గోస’, మాటకు వెనుక ‘అరిగోస’ అంటరు. కష్టం అని అర్థమైంది గని అది ఉర్దూ మాటనా, తెలుగు మాటనా అన్నది మొదటిది. రాసేటప్పుడు ‘గోస’ అని ఉంచాల్నా, ‘ఘోష’ అని దిద్దాల్నా అన్నది రెండోది. ఇగ మూడోది, ఎవరిదో పొలం గొడవ మాట్లాడుకుంట ఆమె “ఆ ముసలమ్మ గోస వాళ్లకు తగుల్తది” అన్నరట. ఒకరి కష్టం ఇంకొకరికి తగులుడేంది అని మీకు అంతుపట్టలేదు. నా లెక్కల ఈ మూడోదే అసలు ప్రశ్న. దాని జవాబు దొరికితే మొదటి రెండూ వాటంతట అవే తేలిపోతయి.

నేను దేవరకొండ దిక్కు మనిషిని. ముప్పై ఐదేండ్ల సంది కచేరి ముందట చింతచెట్టు కింద బల్ల వేసుకొని అర్జీలు రాస్తున్న. మా నాయనదీ ఇదే పని. నిజాం కాలంల ఆయన ఉర్దూల రాసేటోడు, తర్వాత తెలుగుల రాసిండు. జనం నోటితో చెప్పింది చెవితో విని కాయితం మీద పెట్టుడే మా ఇంటి వృత్తి. గోస అన్న మాట రోజుకు పదిసార్లన్న నా చెవిల పడ్తది. కాబట్టి కొంచెం వివరంగనే చెప్త.

ముందు ఉర్దూ సంగతి తేల్చేద్దాం. మా దిక్కు కష్టానికి ఉర్దూ మాటలు చానా ఉన్నయి. 1880లలో ఈ రాజ్యంల ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ భాష అయింది. 1948 దాకా కచేరి, కోర్టు, పోలీసు అంతా దాంట్లనే నడిచింది. ఆ దారిన తక్లీఫ్, పరేషాన్, ముసీబత్ మా ఇండ్లలకు వచ్చి మావే అయిపోయినయి. పరేషాన్ అంటే ఫార్సీల చెదిరిపోయినది అని. గాలికి చెదిరిన జుట్టును కూడా అట్లనే అంటరు. మనసు చెదిరితే మనిషి పరేషాన్.

తక్లీఫ్ కథ ఇంకా లోతు. అది అరబ్బీ మాట. క, ల, ఫ అన్న మూడక్షరాల ధాతువు నుంచి పుట్టింది, ఒకరి మీద ఒక పనిని, ఒక బాధ్యతను మోపుడు అని అర్థం. ఇస్లాం ధర్మశాస్త్రంల తక్లీఫ్ అంటే మనిషి మీద దేవుడు పెట్టిన విధి. ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన బరువు అల్లా మోపడు అని ఖురాన్‌ల రెండో అధ్యాయం చివరన ఒక మాట ఉన్నది, అక్కడ వాడింది ఈ ధాతువే. ఇరాన్‌ల ఇప్పటికీ బడిపిల్లలు ఇంటికాడ చేసుకొచ్చే రాతపనిని తక్లీఫ్ అనే అంటరు. అది మన దిక్కుకు వచ్చేసరికి ఇబ్బంది, నొప్పి అయింది. అయినా మోపుడు అన్న పాత అర్థం పూర్తిగ పోలేదు. “మీకు తక్లీఫ్ ఇచ్చిన” అంటం, “మీరేం తక్లీఫ్ తీసుకోకున్రి” అంటం. ఇచ్చేటోడు ఒకడు, తీసుకునేటోడు ఒకడు ఉన్నరు చూడండి. మొహమాటానికి వాడే ‘తకల్లుఫ్’ కూడా ఈ ఇంటిదే, తన మీద తానే బరువు వేసుకునుడు.

గోస ఈ గుంపుల లేదు. దాన్ని ఉర్దూ అనుకునేటోళ్లు ‘గోషా’తోని కలిపి పొరపాటు పడ్తరు. గోషా అంటే ఫార్సీల మూల. దాని నుంచే పర్దా అన్న అర్థం వచ్చింది. మీ కోస్తా దిక్కు ‘ఘోషాసుపత్రి’ అన్న పేరు వినే ఉంటరు, పర్దాల ఉండే ఆడోళ్ల కోసం కట్టిన దవాఖాన అని. ఆ మాట మూలకు దాగుడు గురించి. మన గోస నలుగుట్లకు వచ్చే మాట. రెండిటికీ చుట్టరికం లేదు.

గోస సంస్కృతం ‘ఘోష’కు మన నోట్ల పడ్డ రూపం. మన పల్లె నోరు ఒత్తును వదిలేస్తది, ష ను స చేస్తది. ఘంట గంట అయింది, ఇప్పుడు మామూలుగ ఒత్తు పెట్టి రాయరు. భాష బాస అయింది, దోషం దోసం అయింది, రోషం రోసం అయింది. అదే దారిన ఘోష గోస అయింది. ఇండ్ల వింత ఏమీ లేదు.

ఘోష అంటే ఏమిటిది? ఘుష్ అన్న ధాతువుకు పెద్దగ చప్పుడు చేయుడు, చాటి చెప్పుడు అని అర్థం. సముద్ర ఘోష, వేద ఘోష అంటం. హిందీల ఘోషణ అంటే ప్రకటన. భగవద్గీత మొదటి అధ్యాయంల శంఖాలు ఊదుతరు కదా, అక్కడ నకులుడి శంఖం పేరు సుఘోషం. ఆ శంఖాల ఘోష కౌరవుల గుండెలను చీల్చింది అని వెంటనే శ్లోకం ఉన్నది. అంటే మొదట ఈ మాటల ఏడుపు లేదు, కష్టం లేదు. ఉన్నది శబ్దం ఒక్కటే, అది కూడా దూరం దాకా పోయే శబ్దం, అవతలోడి గుండెకు తగిలే శబ్దం. వేదం చదివినా ఘోషే, యుద్ధానికి పోయినా ఘోషే. మన పల్లెల నోట్ల అది ఒక్క రకం చప్పుడుకు మిగిలింది. బాధల ఉన్న మనిషి గొంతు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్నకు వస్త.

మీ అత్తమ్మ “కష్టం తగుల్తది” అనలేదు. అనరు కూడా. “తక్లీఫ్ తగుల్తది” అని మా దిక్కు ఎవరూ అనంగ నేను వినలేదు. కష్టం వస్తది, మీద పడ్తది. తక్లీఫ్ అయితది. శాపం పెట్టినట్టు ఎదుటోడికి తగిలేవి ఏవో ఒకసారి లెక్క వేసి చూడండి. దిష్టి తగుల్తది, అది కంటి చూపు. ఉసురు తగుల్తది, అది ఊపిరి. కన్నడంల ఉసిరు అంటే ఈ రోజుకూ ఊపిరే, తమిళంల ఉయిర్ అంటే ప్రాణం. శాపం తగుల్తది, అది నోటి మాట. ఇవన్నీ మనిషి ఒంట్లకెల్లి బయటికి వచ్చి ఇంకొకరి దాకా పోయేటివే. గోస కూడా ఈ వరుసల నిలవడ్తది, ఎందుకంటే అది గొంతు. అర్థం కష్టం దాకా జరిగినా, తగుల్తది అన్న క్రియ మాత్రం పాత ఘోషను పట్టుకొనే ఉన్నది. మాట పుట్టుక నిఘంటువుల దొరకకపోయినా దాని పక్కన నిలవడ్డ క్రియల దొరుకుతది అని నేను నమ్మేది ఇందుకే.

ఇది పుస్తకం లెక్క కాదు, కండ్ల ముందట జరిగింది ఒకటి చెప్త. డిండి అవతలి ఊరి తల్లి ఒకామె నా దగ్గరకు వచ్చింది. కొడుకు, కోడలు ఒక గుంపు మేస్త్రి దగ్గర ముందుగ పైసలు తీసుకొని కాలువ పనికి పోయిన్రు. దసరా ఎల్లినంక పోయి మిరుగం కార్తె ముందట తిరిగొచ్చిన్రు. ఎనిమిది నెలలు తట్ట మోసినంక మేస్త్రి లెక్క తేల్చలేదు. ఇచ్చిందానికి, తిన్నదానికి చెల్లు అన్నడు. నేను ఆమెకు రెండు అర్జీలు రాసిచ్చిన, రెండిటికీ జవాబు రాలేదు. ఒకనాడు పొద్దుగాల్నే ఆమె మేస్త్రి ఇంటికి పోయి వాకిట్ల కూసున్నది. పైసలు అడగలేదు. వాడకట్టు అంతా లేచినంక పిడికెడు మన్ను తీసి ఇంటి దిక్కు ఎత్తిపోసి, “నా పిల్లల కష్టం తిన్నవ్, నా గోస తగలకుంటె ఉంటదా నీకు” అని గొంతెత్తి ఏడ్చింది. ఆ ఇంట్ల కోడలు నీళ్లోసుకొని ఉన్నది. మేస్త్రి తల్లి బయటికి రాలేదు గని తలుపు సందుల నుంచి అంతా విన్నది. నాలుగో రోజు ఆ ముసలామెనే కొడుకుతోని పైసలు పంపిచ్చింది. “ఆ గోస మన గడప మీద వద్దు బిడ్డా” అన్నదట. ఇదంతా ఆ తల్లి నా బల్ల కాడ కూసొని చెప్పింది.

ఆమె నోట్ల రెండు మాటలు వేర్వేరుగ ఎట్ల నిలవడ్డయో చూడండి. ‘పిల్లల కష్టం తిన్నవ్’ అన్నది. అక్కడ కష్టం అంటే బాధ కాదు, కూలి, రెక్కల పని. మా దిక్కు “కష్టం చేసుకొని బతుకుతం” అంటే పని చేసుకొని బతుకుతం అని. కష్టాన్ని తినొచ్చు, దోచుకోవచ్చు, దానికి వెల కట్టొచ్చు. గోసను ఎవరూ తినలేరు. అది పడేటోళ్లది, పెట్టేటోళ్లకు తగిలేది. “గోస పడ్డ” అంటే నేను అనుభవించిన. “గోస పెట్టిండు” అంటే వాడు చేసిండు. “గోస చెప్పుకున్న” అంటే విన్నోళ్లు ఒకరు ఉన్నరు. ఈ మూడు క్రియలూ మీ చెవికి అలవాటైతే మీ అత్తమ్మ మాటల సగం లోతు మీకు దొరికినట్టే.

ఇట్ల ఏడుపు మాట కాయితం మాటగ మారుడు ఒక్క గోసకే జరగలేదు. నా వృత్తిల రోజూ వాడే ‘ఫిర్యాదు’ తీసుకోండి. ఫార్సీల ఫర్యాద్ అంటే ఆపదల ఉన్నోడు పెట్టే కేక, ఆర్తనాదం. రాజు ముందట కేక వేసుడు అలవాటై, కేక పోయి కాయితం మిగిలింది. ఇప్పుడు ఫిర్యాదు అంటే నంబరు వేసిన రసీదు. అచ్చ తెలుగు ‘మొర’ కూడా గొంతుల పుట్టిందే, మొర ఆలకించుడు అంటం కదా. ఫిర్యాదు కచేరిలకు పోయి మెత్తవడ్డది. మొర గుడి మెట్ల కాడ ఆగింది. గోస మాత్రం ఇంట్ల, పొలంల, బాయి కాడ ఉండిపోయింది. అందుకే దానికి ఇంకా పదును ఉన్నదని నేను అనుకుంట.

ఇది నాకు ఒక మనిషి నేర్పింది. మర్రిగూడ దిక్కు నుంచి ఒకామె వికలాంగుల పింఛను కోసం వచ్చింది. ఆ దిక్కు భూమిల నల్లరాయి, గ్రానైటు ఎక్కువ. బోరు నీళ్లల్ల ఫ్లోరైడు దిగుతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు అంటరు. దానికి మించి ఏండ్ల కొద్దీ తాగితే ముందు పండ్ల మీద పసుపు చారలు, తర్వాత కాళ్లు వంకర, నడుము బిగుసుకపోవుడు. ఆ నీళ్లను పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతిని నాగపూర్‌ల ఉన్న జాతీయ సంస్థ నీరి తయారు చేసింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. మా జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది మంచి నీళ్లు లేని ఊరిగ. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గొంతుల ఏదో అడ్డం పడ్తది.

ఆమెకు నలభై దాటి ఉండవు. వంగి నా బల్ల అంచు పట్టుకొని నిలవడ్డది, తల ఎత్తి నా ముఖం చూసుడు చాతగాదు. “ఏం రాయాలె అక్కా” అన్న. “ఏమున్నది అన్నా, నా గోస రాయి” అన్నది. నాకు చేతికి వచ్చిన పాఠం ఒకటున్నది, అది రాసిన. ‘అయ్యా, నేను గత కొన్ని సంవత్సరముల నుండి ఫ్లోరోసిస్ వ్యాధి వలన పలు ఇబ్బందులు ఎదుర్కొనుచున్నాను, కావున దయతో’ అని. చదివి వినిపించిన. ఆమె కాసేపు ఏం అనలేదు. తర్వాత మెల్లగ, “అన్నా, ఇండ్ల నా గోస లేదు కదా” అన్నది.

నేను ఆ కాయితం చింపి ఇంకోటి తీసిన. బాయి నీళ్లు ఎన్నడు మానింది, బోరు ఎన్నడు పడ్డది, బిందె ఎత్తుడు ఏ ఏడు చాతకాకుండ పోయింది, నెత్తి దువ్వుకునేతందుకు చెయ్యి లేవకుంటె బిడ్డ దువ్వుతున్న సంగతి, అన్నీ ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిన. మొదటి పంక్తి ‘అయ్యా, నా గోస ఏమనగా’ అని పెట్టిన. ఆనాటి సంది ‘ఇబ్బందులు ఎదుర్కొనుచున్నాను’ అని నేను రాయలే. పింఛను ఆమెకు వచ్చింది గని అది నా రాతతోని వచ్చింది అని నేను అనను, డాక్టరు సర్టిఫికెట్‌తోని వచ్చింది.

ఇగ ‘అరిగోస’. గోస కంటె పెద్దది, ఇగ ఓపలేనిది అన్నప్పుడు వాడ్తరు. కొందరు ‘అరి’ అంటే పన్ను, కప్పం అని చెప్పి పన్నుల బాధకు పెట్టిన ఏడుపు అంటరు. పాత తెలుగుల అరి అంటే కప్పం అన్నది నిజమే గని నాకు ఆ లెక్క కుదరదు. మా దిక్కు పెద్దలు కొందరు ‘హరిగోస’ అని పలుకుతరు, పత్రికలల్ల కూడ అట్ల రాసుడు ఉన్నది. మొదట్ల ఉన్న హ జారిపోవుడు మా నోటికి అలవాటే. హనుమంతుడు అనుమంతుడు అయితడు, హరిదాసు అరిదాసు అయితడు. హరీ హరీ అని దేవుని పేరు పెట్టి మొత్తుకునే గోస, మనిషి వినకపోతే దేవునికి వినిపించే గోస. నేను ఈ లెక్క దిక్కే మొగ్గుత. చేను ఎండితే మా అమ్మమ్మ గట్టు మీద కూసొని “హరి నారాయణా” అనే ఏడ్చేది, ఆ గొంతు నా చెవులల్ల ఉన్నది కాబట్టి కూడ కావచ్చు.

ఈ మాట మా రెండు జిల్లాల పేర్లకు ఎట్ల అంటుకున్నదో మీరు గమనించే ఉంటరు. ‘పాలమూరు గోస’, ‘నల్లగొండ గోస’ అంటరు. 2014ల రాష్ట్రం వచ్చేదాకా జరిగిన ఉద్యమంల సభలల్ల, పాటలల్ల ఈ మాట వినపడని రోజు లేదు. పాలమూరు కష్టం అని ఎవరూ అనలేదు. కృష్ణమ్మ తెలంగాణల అడుగు పెట్టేదే పాత పాలమూరు జిల్లాల. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాది రాయి పడ్డది మా నల్లగొండ జిల్లా అంచున. దేశంల ఏ కట్ట కట్టినా, ఏ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అక్కడ ఉంటదని పేరు. అట్లాంటి జాగల మా దేవరకొండ, మునుగోడు మిట్టలు, మీ అచ్చంపేట దిక్కు చేన్లు వాన కోసం మొగులు దిక్కు చూసినయి. నీళ్లు లేకుంటె కరువు అంటరు. నీళ్లు పక్కనుంచే పోతున్నయి, మాకు లేవు, చెప్పితే వినేటోడు లేడు అన్నప్పుడు గోస అంటరు. ఆ తేడా తెలిసే జనం ఆ మాట ఎంచుకున్నరు.

తిప్పలు, ఆగం, అవస్థ ఇట్లాంటివి ఇంకా ఉన్నయి. అవి వేరే రోజు మాట్లాడుకుందాం, ఒక్క తిప్పల సంగతి మాత్రం చెప్త. అది తిప్పుడు నుంచి వచ్చింది అని నా నమ్మకం. కచేరి చుట్టూ తిప్పించుకున్నోళ్లను రోజూ చూస్త కాబట్టి నాకు వేరే అర్థం తోచదు.

రాత సంగతి. ‘గోస’ అనే రాయండి. ఘోష అని దిద్దితే తప్పు దిద్దినట్టు కాదు, ఇంకో మాట రాసినట్టు. గంటను ఘంట అని, బిచ్చాన్ని భిక్ష అని దిద్దము కదా. ఘోష సముద్రానికీ వేదానికీ ఉన్నది, ఉండనియ్యండి. మీ గుంటూరు దిక్కు కూడ “నా ఘోష ఎవరికి పట్టింది” అంటరు, అది కూడ ఈ మాటే, ఒత్తుతోని. మీరు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదీ, అత్తింట్ల విన్నదీ ఒక్క తల్లి బిడ్డలే అన్నట్టు.

ఒక్కటి నేను మిమ్మల్ని అడుగుత. అమ్రాబాద్ అడివి అంచు ఊర్లల్ల “గోసకొచ్చింది” అన్న వాడుక ఉన్నది అని ఒకాయన నా బల్ల కాడ చెప్పిండు, నేను స్వయంగ వినలేదు. మీ అత్తమ్మ నోట ఎన్నడన్న వస్తే, ఆమె ఏ సందర్భంల అన్నరో, ముందూ వెనుకా ఏం మాట్లాడిన్రో అది పంక్తి పంక్తిగ రాసి పెట్టండి.